కేటలాగులో ఉన్నదీ, తెర మీద కనబడేదీ

(విజయనగరంలో రికార్డు గదుల సిబ్బందికీ, లైబ్రేరియన్లకూ, చరిత్ర విద్యార్థులకూ ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేరుగా ఉదాహరణలోకి వెళ్లిపోదామండి. మాటవరసకి ఒక జమీందారీ ఎస్టేటు రికార్డులున్నాయి అనుకోండి. వాటిలో రెవెన్యూ కచేరీ కాగితాలు, ఆ కాగితాల్లో శిస్తు లెక్కలు, ఆ లెక్కల్లో ఫసలీ (అంటే శిస్తు లెక్కల సంవత్సరం) 1314 నాటి బైండు పుస్తకం ఒకటి. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించినవారు శీర్షిక గడిలో "లెక్కలు" అని రాశారు. అందులో తప్పేమీ లేదు. ఆ క్షణాన పైనున్న మూడు అంతస్తులూ వారి కళ్లెదుటే ఉన్నాయి కాబట్టి అది ఏ లెక్కో వారికి తెలుసు. బయట ఇంట్లో కూర్చుని ఫోన్లో వెతికేవాడికి మాత్రం "లెక్కలు, లెక్కలు, లెక్కలు" అని నలభై వరుసలు కనబడతాయి. ఏ ఊరివో, ఏ ఏటివో తెలీదు. నాలుగు నొక్కి చూసి, ఇందులో ఏమీ లేదనుకుని వెళ్లిపోతాడు.

ఇక్కడ సమాచారం లోపం లేదు. చూపించడంలో లోపం. కేటలాగు సరిగా రాయడం ఒక పని; రాసినది ప్రతి తెర మీదా ఒకే తీరుగా కనబడేట్టు చెయ్యడం ఇంకో పని. రెండో పనికి మన దగ్గర సాధారణంగా నాథుడు ఉండడు. కేటలాగు రాసేవారు అది సాఫ్ట్‌వేరు వాళ్ల పనంటారు, సాఫ్ట్‌వేరు వాళ్లు మాకొచ్చిన డేటాయే అలా ఉందంటారు. చాలాచోట్ల ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నిర్ణయాలు ఎవరూ కాగితం మీద పెట్టకపోవడమే అసలు జబ్బు.

కాబట్టి మొదట చెయ్యవలసింది ఒక పట్టిక. దీన్ని ప్రదర్శన పట్టిక అందాం. కేటలాగులో ఉన్న ఒక్కో గడికి ఒక్కో వరుస. ఆ గడికి లోపల ఉన్న పేరేమిటి, జనానికి తెలుగులో ఏ పేరుతో కనబడాలి, ఇంగ్లీషులో ఏ పేరుతో, పేజీలో ఎన్నోది, ఏ స్థాయిలో చూపాలి, ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలి, ఫలితాల జాబితాలోనూ ప్రింటులోనూ కూడా రావాలా వద్దా. ఇవన్నీ తేల్చి రాసుకోవాలి. పాతిక ముప్పై గడులకి మించి ఉండవు, రెండు పేజీల్లో అయిపోతుంది. సాఫ్ట్‌వేరు మారినా ఈ రెండు పేజీలు మారవు. అందుకే సాఫ్ట్‌వేరు కొనకముందే రాసుకోవడం మంచిది.

ఏ గడులు ఉండాలన్న ప్రశ్నకి మనం కొత్తగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి వారి వర్ణన ప్రమాణం ఉంది, ఇసాడ్-జీ అంటారు. మొదటి కూర్పు 1994లో, రెండో కూర్పు 2000లో వచ్చాయి. అందులో 26 అంశాలు, 7 విభాగాలు. వాటిలో ఆరు తప్పనిసరి: గుర్తింపు సంఖ్య, శీర్షిక, ఎవరు తయారుచేశారు, ఏ కాలానివి, ఎంత ఉన్నాయి, ఏ స్థాయి. ఏం రాయాలో ఆ ప్రమాణం చెబుతుంది. తెర మీద ఎలా అమర్చాలో చెప్పదు, అది మనకే వదిలేసింది. ఆ వదిలేసిన ఖాళీలోనే మన గందరగోళమంతా పుడుతుంది.

పేర్ల సంగతి. ఇంగ్లీషులో క్రియేటర్ అన్న గడిని చాలాచోట్ల "సృష్టికర్త" అని తెలుగు చేస్తున్నారు. శిస్తు లెక్కల పుస్తకానికి బ్రహ్మదేవుణ్ణి దించనక్కర్లేదండీ. "తయారుచేసినవారు" అంటే చాలు. అలాగే "పరిధి మరియు విషయం" అన్నచోట "ఇందులో ఏముంది" అనండి. "మూలం" అనే మాటకి మూడు అర్థాలొస్తాయి. "ఎవరి దగ్గర నుంచి వచ్చింది" అంటే ఒక్కటే అర్థం. గురజాడ, గిడుగు వాడుకభాష కోసం పోరాడిన ప్రాంతం ఇది. ఇక్కడి రికార్డు గది తెర మీద "పత్రసంచయ వివరణము" అని కనబడితే ఎలా?

ఏ మాట ఎంచుకున్నా అన్నిచోట్లా అదే ఉండాలి. ఒక పేజీలో తేది, ఇంకో పేజీలో తారీఖు, వెతుకు పెట్టె దగ్గర కాలం, ప్రింటులో సంవత్సరం అని ఉంటే, ఇవి నాలుగు వేర్వేరు విషయాలేమో అని చదివేవాడికి అనుమానం వస్తుంది. అనుమానం రావడం సబబే కూడా. పేర్లు వేరైతే విషయాలు వేరని అనుకోవడమే తెలివైన పాఠకుడి లక్షణం.

ఇప్పుడు అంతస్తుల సంగతి. ఆర్కైవ్ కేటలాగుకీ లైబ్రరీ కేటలాగుకీ అసలు తేడా ఇక్కడే. పుస్తకం తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. కట్టలో కాగితం అలా కాదు, పైనున్నదాన్ని బట్టే దానికి అర్థం. పెద్ద సంచయం (మన ఉదాహరణలో ఎస్టేటు రికార్డులన్నీ కలిపి), దాని కింద శ్రేణి, దాని కింద ఫైలో కట్టో, దాని కింద విడి పత్రం. పై స్థాయిలో ఒకసారి చెప్పింది కింద మళ్లీ చెప్పొద్దని ప్రమాణం చెబుతుంది. రాసేవారికి అది మంచి సూత్రం. ఎస్టేటు చరిత్ర రెండువేల ఫైళ్లలో అతికిస్తే, రేపు అందులో ఒక తేదీ తప్పని తేలితే, పైన దిద్దుతారు, కింద రెండువేల చోట్ల తప్పు అలాగే ఉంటుంది.

అయితే చూసేవాడు పైనుంచి దిగిరాడు. వెతుకు పెట్టెలోంచి నేరుగా అడుగు అంతస్తు కిటికీలోకి దూకుతాడు. అందుకని ఒకచోటే రాయాలి, నాలుగుచోట్ల చూపించాలి. కంప్యూటరు ఉన్నది అందుకే. ఫలితాల జాబితాలో ప్రతి వరుసకీ నాలుగు విషయాలు రావాలి: శీర్షిక, దాని పైస్థాయి శీర్షిక, కాలం, గుర్తింపు సంఖ్య. అప్పుడు "లెక్కలు" కాస్తా "లెక్కలు, శిస్తు లెక్కల శ్రేణి, ఫసలీ 1314" అవుతుంది, పక్కన దాని గుర్తింపు సంఖ్య. కేటలాగులో ఒక్క అక్షరం మార్చకుండానే. పూర్తి పేజీలో అయితే సంచయం నుంచి పత్రం దాకా మెట్లన్నీ పైన ఒక వరుసలో రావాలి, ప్రతి మెట్టూ నొక్కడానికి వీలుగా.

పైనుంచి కిందికి ఏవి దిగాలో కూడా పట్టికలో రాయాలి. తయారుచేసినవారి పేరు దిగాలి. చూడటానికి ఉన్న షరతులు తప్పకుండా దిగాలి. "ఇందులో ఏముంది" దిగకూడదు. సంచయం మొత్తానికి రాసిన వివరం విడి పత్రం పేజీలో కనబడితే, ఆ ఒక్క కాగితంలో అదంతా ఉందనుకుంటారు. దిగి వచ్చినదాని పక్కన "పై స్థాయి నుంచి" అని చిన్న అక్షరాల్లో చూపితే ఎవరూ మోసపోరు.

తేదీల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ప్రాంతపు రికార్డుల్లో సగం తలనొప్పి ఇక్కడే.

ఫసలీ చూడండి. మద్రాసు రాష్ట్రపు లెక్కలో ఫసలీకి 590 కలిపితే అది మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై 1న మొదలై మరుసటి జూన్ 30న ముగుస్తుంది. ఫసలీ 1314 అంటే 1904 జూలై 1 నుంచి 1905 జూన్ 30 వరకు. (నైజాం ఫసలీ వేరే నెలలో మొదలవుతుంది, ఆ లెక్క ఇక్కడ పెట్టకండి.) తేదీ గడిలో 1904 అని ఒక్కటే రాసి ఊరుకుంటే, 1905 అని వెతికినవాడికి ఆ పుస్తకం దొరకదు. 1314 అని ఒక్కటే రాస్తే, కంప్యూటరు దాన్ని పద్నాలుగో శతాబ్దంలో పెట్టి అన్నిటికంటే పాతదిగా పైన కూర్చోబెడుతుంది.

కాబట్టి తేదీకి మూడు గడులు కావాలి. మొదటిది మనుషుల కోసం: "ఫసలీ 1314 (1904 జూలై – 1905 జూన్)". రెండోదీ మూడోదీ యంత్రం కోసం: మొదలు 1904-07-01, ముగింపు 1905-06-30. జనానికి మొదటిదే కనబడాలి. వెతకడం, వరుస పెట్టడం మిగతా రెండిటితో జరగాలి. ఈ మూడు కలిపి ఒకే గడిలో కుక్కడం వల్లే సగం కేటలాగులు చెడిపోయాయి.

తెలుగు సంవత్సరాలు ఇంకో రకం. తాళపత్రం చివర "విశ్వావసు సంవత్సరం" అని మాత్రమే ఉందనుకోండి. అది 1845-46 కావచ్చు, 1905-06 కావచ్చు, 1965-66 కూడా కావచ్చు. లిపిని బట్టీ, పేర్లను బట్టీ 1845 అని మీరు తేల్చుకుంటే "విశ్వావసు (బహుశా 1845-46)" అని చూపండి. ఆ "బహుశా" ఎందుకన్నారో గమనిక గడిలో ఒక వాక్యం రాయండి. అనిశ్చితమైన తేదీలకి యంత్రం చదివే గుర్తులు కూడా ఉన్నాయి. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601, దాని 2019 నాటి రెండో భాగం ప్రకారం సంవత్సరం పక్కన ప్రశ్నార్థకం పెడితే అనుమానమనీ, అలగీత (~) పెడితే సుమారనీ అర్థం. ఆ గుర్తులు లోపలే ఉండాలి. బయట "సుమారు 1870" అని మాటల్లోనే కనబడాలి. వెతుకులాటలో ఈ "సుమారు" ఎంత వెడల్పు, అటూ ఇటూ ఐదేళ్లా పదేళ్లా అన్నది ఒక్కసారి తేల్చి, అన్ని రికార్డులకీ అదే పెట్టండి.

03/04/1931 అని ఎప్పుడూ చూపకండి. మనకి అది ఏప్రిల్ 3, అమెరికా పద్ధతి సాఫ్ట్‌వేరుకి మార్చి 4. నెల అక్షరాల్లో ఉంటే పేచీయే లేదు.

ఎక్సెల్లో పనిచేసేవాళ్లకి ముఖ్యంగా చెప్పాలి. ఎక్సెల్ తేదీల లెక్క 1900 నుంచి మొదలవుతుంది. 1895 నాటి తేదీ కొడితే దాన్ని తేదీగా గుర్తించదు, మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. 1905 నాటిది కొడితే తేదీగా మార్చేస్తుంది. ఒకే నిలువు వరుసలో రెండు జాతులు కలిసిపోతాయి, వరుస పెట్టగానే చెల్లాచెదురవుతాయి. ఇంకా ఘోరం, ఫైలు నంబరు 3-4 అని కొడితే దాన్నీ తేదీ చేసేస్తుంది. 007 అని కొడితే సున్నాలు మింగేసి 7 మిగులుస్తుంది. మందు ఒకటే: ఒక్క అక్షరం కొట్టకముందే ఆ నిలువు వరుసలన్నిటినీ టెక్స్టుగా అమర్చుకోవడం. కొట్టేశాక అమరిస్తే పోయింది తిరిగి రాదు.

తేదీల్లోనే ఇంకో తప్పు. స్కాన్ చేసిన తేదీ, కాగితం తేదీ కలిసిపోవడం. డబ్లిన్ కోర్ అని 15 గడుల చిన్న వర్ణన పద్ధతి ఉంది. అందులో తేదీకి ఒకటే గడి, ఏ తేదీయో చెప్పదు. స్కానింగు వాళ్లు తమ తేదీ అందులో వేస్తే 1880 నాటి అర్జీ 2019 నాటిదిగా కనబడుతుంది. ఇదే దారిలో తయారుచేసినవారి గడిలో స్కానింగు సంస్థ పేరు వచ్చి కూర్చుంటుంది. పాఠకుడు చూసేది కాగితం తేదీ; స్కాన్ తేదీ పేజీ అడుగున సాంకేతిక వివరాల్లో ఉంటే చాలు.

ఇక పేర్లు. గురజాడ అప్పారావు, గురజాడ వెంకట అప్పారావు, జి.వి. అప్పారావు, అప్పారావు పంతులు. ఉత్తరాన్ని బట్టి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నాలుగూ విడివిడిగా ఉంటే తెర మీద ఆయన నలుగురవుతారు. ప్రతి వ్యక్తికీ ఒక పేరు పత్రం చెయ్యాలి: చూపే రూపం ఒకటి, "గురజాడ అప్పారావు, 1862–1915", మిగతావన్నీ దానికి దారి చూపే రూపాలు. కాగితం మీద ఎలా ఉందో అలాగే శీర్షికలో ఉంచవచ్చు, లింకు మాత్రం ఈ ఒక్కదానికే వెళ్లాలి. ఇక్కడ సాఫ్ట్‌వేరు చేసే ఒక తుంటరి పని గమనించండి. పేరులో చివరి మాటే ఇంటిపేరనుకుని "అప్పారావు, గురజాడ" అని తిప్పేస్తుంది. మనకి ఇంటిపేరు ముందే ఉంది, తిప్పడం అనవసరం. ఆ అమరికను తెలుగు పేర్లకి ఆపేయండి.

దీనికి ఎదురు సమస్య, ఒకే పేరుతో పలువురుండటం, విజయనగరం ఏలిన పూసపాటి వంశంలో ఉంది. 1757లో బొబ్బిలి యుద్ధం తర్వాత చనిపోయిన విజయరామరాజు వేరు, 1794లో పద్మనాభం యుద్ధంలో చనిపోయిన విజయరామరాజు వేరు. వాళ్ల తర్వాతా అదే పేరు వచ్చింది. సంవత్సరాలు లేకుండా పేరొక్కటే చూపితే ముగ్గురి కాగితాలూ ఒక్కరి కింద పోగవుతాయి.

ఊళ్ల దగ్గరికొస్తే మన జిల్లాలంత మంచి ఉదాహరణలు ఇంకెక్కడా దొరకవేమో. విజయనగరం అని వెతికితే హంపీ విజయనగరం కూడా వస్తుంది. శ్రీకాకుళం అంటే మన శ్రీకాకుళమే కాదు, కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో ఇంకో శ్రీకాకుళం ఉంది. మన శ్రీకాకుళం పాత కాగితాల్లో చికాకోల్. అది గంజాం జిల్లాలో ఉండేది, 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో సొంత జిల్లా అయింది. విజయనగరం జిల్లా పుట్టింది 1979లో. 2022లో పాలకొండ శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లింది, రాజాం విజయనగరం జిల్లాకి వచ్చింది. మరి 1955 నాటి పాలకొండ ఫైలుకి ఏ జిల్లా చూపాలి? రెండూ చూపాలి, కానీ వేర్వేరు గడుల్లో. "నాటి పాలన: శ్రీకాకుళం జిల్లా", "నేటి ఊరు: పాలకొండ, పార్వతీపురం మన్యం జిల్లా". ఒకే గడిలో ఒకరు నాటిదీ ఇంకొకరు నేటిదీ వేస్తూ పోతే ఆ గడి దేనికీ పనికిరాదు. జిల్లాలు మళ్లీ మారినప్పుడు నేటి ఊరు పత్రం ఒక్కటి దిద్దితే సరిపోవాలి.

ఖాళీ గడుల గురించి. ఖాళీ మూడు రకాలు: తెలియదు, ఇంకా చూడలేదు, దీనికి వర్తించదు. రాసేవారు మూడింటికీ గీతో, సున్నాలో, ఎన్.ఏ. అనో పెడతారు. అవి అలాగే బయటికి వస్తాయి, "తయారుచేసినవారు: –" అని. సాధారణ నియమం, ఖాళీ అయితే పేరుతో సహా ఆ వరుస మాయం. రెండు గడులకి మాత్రం ఈ నియమం వర్తించదు. కాలం తెలియకపోతే "తేదీ లేదు" అని చెప్పాలి. చూడటానికి షరతుల గడి ఎప్పుడూ మాట్లాడాలి. అది ఖాళీగా ఉంటే "అందరికీ తెరిచినది" అనుకునేవాడొకడు, "ఇవ్వరేమో" అని బస్సెక్కకుండా ఆగిపోయేవాడొకడు.

లోపలి గడులు కొన్నున్నాయి: ఏ బీరువాలో ఉంది, ఇచ్చినవారి ఇంటి చిరునామా, వెల. ఇవి బయటికి రాకూడదు. తెర మీద దాచాం కదా అని నిశ్చింతగా ఉండకండి. డేటా ఎగుమతిలోనూ, పీడీఎఫ్ సూచికలోనూ బయటపడే వీలుంది. ఆ రెండు దారులూ విడిగా తెరిచి చూసుకోవాలి.

తెలుగు లిపి గురించి నాలుగు మాటలు. అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన సూచికలు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ గుర్తుకీ ఒక సంకేతం ఇచ్చే అంతర్జాతీయ పద్ధతి) కావు. ఫాంటు తీసేస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త మిగులుతుంది. వాటిని మార్చాక మనిషి చదివి సరిచూడక తప్పదు. యూనికోడ్‌లో కూడా ఐత్వాన్ని ఒకే సంకేతంగా దాచవచ్చు, ఎత్వం మీద ఇంకో గుర్తు చేర్చి రెండుగా కూడా దాచవచ్చు. కంటికి తేడా లేదు, యంత్రానికి ఉంది. "సాఫ్ట్‌వేరు" లాంటి మాటల మధ్య కనబడని విడదీసే గుర్తు ఒకటుంటుంది, అదీ వెతుకులాటని చెడగొడుతుంది. ఎక్కించేటప్పుడే అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చి, వెతుకు సూచికలో మాత్రం ఆ కనబడని గుర్తు తీసేయమని సాఫ్ట్‌వేరు వాళ్లకి చెప్పండి. విజయనగరము, విజయనగరం రెండూ ఒకటేనని కూడా చెప్పాలి, దానికి తెలీదు.

ఫోన్లో శీర్షికలు కత్తిరించే చోట ఇంకో ప్రమాదం. శ్రీకాకుళం మనకి నాలుగక్షరాలు, యంత్రానికి పది సంకేతాలు. ఒక్క శ్రీలోనే నాలుగు. సంకేతాలు లెక్కపెట్టి కోస్తే శ్రీ తల తెగి "శ్" మిగులుతుంది. మాట చివర కొయ్యాలి, కుదరకపోతే అక్షరం చివర. సంకేతాల లెక్కతో కాదు.

ఇదంతా సరిగా ఉందో లేదో తెలియాలంటే ఇరవై రికార్డులు ఏరండి. ప్రతి స్థాయి నుంచీ ఒకటి, ఫసలీ ఉన్నది, తేదీ లేనిది, ఇంగ్లీషు శీర్షిక మాత్రమే ఉన్నది, షరతులున్నది, అతి పొడుగు శీర్షిక ఉన్నది. ఒక్కోదాన్నీ ఫలితాల జాబితాలో, పూర్తి పేజీలో, ఫోన్లో, ప్రింటులో, ఎగుమతిలో పక్కపక్కన పెట్టి పట్టికతో పోల్చండి. బాగున్న రికార్డులు ఏరుకుని పరీక్షించడం అందరూ చేసే పనే, దానివల్ల ఏమీ తెలియదు.

ప్రశ్నలున్నాయా?

ప్రశ్న: పాత ఫైళ్ల శీర్షికల్లో కులాల్ని కించపరిచే మాటలున్నాయండీ. అలాగే చూపాలా?

అసలు శీర్షిక చెరపకూడదు, అది కూడా సాక్ష్యమే. ఆ పేరుతో వెతికే పరిశోధకులూ ఉంటారు. అయితే అది మీ మాటగా పెద్దక్షరాల్లో రాకూడదు. పైన మీరు పెట్టిన వివరణ శీర్షిక, కింద "ఫైలు మీద ఉన్న శీర్షిక" అన్న వేరే పేరుతో కొటేషన్లలో అసలుది. మనం పెట్టిన శీర్షికకి చదరపు బ్రాకెట్లు వెయ్యడం కేటలాగు అలవాటు. బయటివాళ్లకి అది అచ్చుతప్పులా కనబడుతుంది. బ్రాకెట్లు తీసేసి, "శీర్షిక రికార్డు గది పెట్టినది" అని గమనిక ఇవ్వండి.

ప్రశ్న: మా దగ్గర గుర్తింపు సంఖ్యలు గజిబిజిగా ఉన్నాయి. 1 తర్వాత 10, 11 వచ్చి ఆ తర్వాత 2 వస్తోంది. మొత్తం కొత్త నంబర్లు వేసేద్దామా?

వద్దండీ. ఆ వరుస దోషం నంబరుది కాదు, కంప్యూటరు దాన్ని అంకెగా కాక అక్షరాలుగా చదవడం వల్ల వచ్చింది. వరుస కోసం లోపల ఇంకో గడి పెట్టి 0001, 0002, 0010 అని నింపండి. బయట పాత నంబరే ఉంటుంది. ఆ నంబరు ఎవరి సిద్ధాంత గ్రంథంలోనో, ఏ కోర్టు కేసులోనో ఇప్పటికే అచ్చయి ఉంటుంది. మార్చక తప్పని చోట "పాత సంఖ్య" అని గడి పెట్టి పేజీలో చూపండి, దాంతో వెతికినా దొరకాలి. పాత లింకు నొక్కితే కొత్త పేజీ తెరుచుకోవాలి.